కోడీ కుంపటీ

పూర్వం ఒక పల్లెలో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె ఆస్తి అంతా ఒక కోడిపుంజు, ఒక కుంపటి. ఆ కోడి కూస్తే ఊరు మేలుకొనేది. ఆ కుంపటిలోని నిప్పు తెచ్చుకొని ఊరివారు పొయ్యిలు రాజేసుకొనేవారు. ఒకనాడు ఆమెకు ఊరిమీద కోపం వచ్చింది. 'నా కోడి కూయకపోతే వీళ్ళకు తెల్లవారేదెట్లా? నా కుంపటి లేకపోతే వీళ్ళ పొయ్యి మండేదెట్లా?' అనుకొని, రెంటినీ చంకన పెట్టుకొని అడవికి పోయి కూర్చున్నది. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ ఆ దారిన పోతున్న బాటసారిని పిలిచి, "ఏమి నాయనా, ఊళ్ళో ఇంకా తెల్లవారలేదు కదా?" అని అడిగిందట.

ఈ కథ తెలియని తెలుగువారు అరుదు. ముసలమ్మ అమాయకత్వానికి మనమందరం నవ్వినవారమే. కాని కోడిని గురించి మన ఇళ్ళలో ప్రచారంలో ఉన్న నమ్మకాలను ఒకచోట పోగుచేస్తే గంపెడు అవుతవి. వాటిలో కొన్ని తరతరాల పరిశీలనవల్ల తేలిన సత్యాలు. కొన్ని ఎవరికీ హాని చేయని ముచ్చట్లు. మరికొన్ని మాత్రం గూళ్ళను ఖాళీ చేసినవి, ఇరుగుపొరుగులను విడదీసినవి. ఏది ఏ కోవకు చెందినదో విచారించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట ఈ పక్షి మన పెరటికి ఎక్కడనుండి వచ్చినదో చూద్దాం. 1868లో చార్లెస్ డార్విన్ పెంపుడు జంతువులను గూర్చి ప్రకటించిన గ్రంథంలో, లోకంలోని కోళ్ళన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి ఒక్కటే అని నిర్ణయించినాడు. చాలాకాలం ఆ మాటే చెల్లింది. సింధునదీ లోయలోనే కోడిని మొదట మచ్చిక చేసినారని పాఠ్యపుస్తకాలలోకూడా చదువుకొన్నాం. 2020లో 863 పక్షుల జన్యువులను పోల్చి చూచిన శాస్త్రజ్ఞులు, కోడికి అత్యంత సన్నిహితమైన అడవి బంధువు నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, బర్మా ప్రాంతాలలో తిరిగే ఒక ఎర్ర అడవికోడి శాఖ అని తేల్చినారు. నిస్సందేహంగా పెంపుడుకోడివే అనదగిన ఎముకలలో అతి ప్రాచీనమైనవి థాయిలాండ్‌లోని బాన్ నోన్ వాట్ అనేచోట దొరికినవని 2022లో ప్రకటించినారు. వాటి కాలం సుమారు క్రీ.పూ. 1650కి, 1250కి నడుమ. మనిషి వరి, కొర్రవంటి ధాన్యాలు పండించి, కళ్ళంలో గింజలు రాలగా, ఆ గింజలకోసం అడవికోడి తనంతట తానే ఊరిదాపునకు వచ్చినదని వారి ఊహ. ఆ లెక్కన మనం కోడిని పట్టి తెచ్చుకొన్నామనడంకంటే, గింజలు చూపి పిలుచుకొన్నామనడం సబబు.

ఇందులో మన సీమకు చెందిన పాలు ఏమీ లేదా అంటే, ఉన్నది. శేషాచల పర్వతాలలో, తలకోన అడవులలో తెల్లవారుజామున నడిచినవారికి పొదలమాటునుండి ఒక తెగిపోయినట్లుండే కూత వినబడుతుంది. అది ఊరికోడి కూత కాదు, బూడిదవన్నె అడవికోడిది. మెడమీద తెల్లని, పసుపుపచ్చని చుక్కల ఈకలతో మెరిసే ఈ పక్షి మన దక్షిణాపథానికే సొంతం. స్థూలంగా గోదావరికి ఈవల దీని రాజ్యం, ఆవల ఎర్ర అడవికోడి రాజ్యం. 1782లో తన యాత్రాగ్రంథంలో దీనిని వర్ణించిన ఫ్రెంచి యాత్రికుడు పియేర్ సొన్నెరా పేరే దీని శాస్త్రనామంలో నిలిచి ఉన్నది.

ఎర్ర అడవికోడి చర్మం తెలుపు. మన పెరటికోళ్ళలో చాలావాటి కాళ్ళు, చర్మం పసుపు. తండ్రికి లేని వన్నె బిడ్డకు ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్నకు 2008లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు సమాధానం కనుగొన్నారు. పసుపు చర్మాన్ని కలిగించే జన్యువు ఎర్ర అడవికోడినుండి కాక, బహుశః ఈ బూడిదవన్నె అడవికోడినుండి వచ్చి పెంపుడుకోడిలో కలిసినది. ఎప్పుడో ఒకప్పుడు దక్షిణ భారతంలో, అడవి అంచున ఉన్న ఏ పల్లెలోనో, కొండదిగి వచ్చిన పుంజు పెరటిపెట్టతో జతకట్టి ఉండవలె. ఆనాటి చుట్టరికమే నేడు దేశదేశాల కోళ్ళ కాళ్ళలో పసుపు పారాణివలె కనబడుతున్నది. కాబట్టి డార్విన్ చెప్పిన 'ఒక్క మూలం' పూర్తి సత్యం కాదు.

మన పూర్వులు కోడిని కేవలం కూరకే పరిమితం చేయలేదు. సంస్కృత నిఘంటువులు దానికి ఎన్నో పేర్లు పెట్టినవి. ఎర్రని సిగ కలది కనుక తామ్రచూడము, కాలే ఆయుధముగా కలది కనుక చరణాయుధము, కూతనుబట్టి కృకవాకువు. పాణిని వ్యాకరణంలో హ్రస్వ, దీర్ఘ, ప్లుతములను చెప్పే సూత్రానికి 'ఉ'కారాన్నే ఎందుకు తీసుకొన్నాడన్న ప్రశ్నకు, కోడికూతలో ఆ మూడు మాత్రలూ వరుసగా వినబడుతవి కనుక అని సంప్రదాయజ్ఞులు చెప్పుతారు. ఈసారి కోడి కూసినప్పుడు చెవి ఒగ్గి వినండి. కూత పోనుపోను సాగుతుంది. ఇక మనుస్మృతి ఊరికోడిని తినరాదన్నది. పెంటకుప్పలు కెలికే పక్షి అన్న జంకు ఆ నిషేధంలో ఉన్నదనిపిస్తుంది. ఇదే కోడి సుబ్రహ్మణ్యస్వామి ధ్వజంమీద కూర్చున్నది. ఆడికృత్తికకు చిత్తూరు పల్లెలనుండి కావళ్ళెత్తుకొని తిరుత్తణికి పోయే భక్తులకు ఆ కుక్కుటధ్వజం చిరపరిచితం. 1960 వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే. సరిహద్దుల సర్దుబాటులో ఆ సంవత్సరం మదరాసు రాష్ట్రానికి పోయినది. సరిహద్దు మారినా కావళ్ళ దారి మారలేదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చినదంటే, మొక్కుబడి కోడి లేని వీధి ఉండదు.

ఇప్పుడు ముసలమ్మ ప్రశ్నకు వద్దాం. వెలుగు చూచి కోడి కూస్తుందా? వెలుగు రాకముందే దానికి తెలుస్తుందా? 2013లో జపానులోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పుంజులను రేయింబవళ్ళు తేడాలేని మసకవెలుతురు గదిలో ఉంచి చూచినారు. సూర్యుడు కనబడకపోయినా పుంజులు ఇంచుమించు రోజుకొకసారి, తెల్లవారవలసిన వేళకు ముందే కూసినవి. వాటి ఒంటిలోనే ఒక గడియారం ఉన్నదన్నమాట. దీపం వెలిగించినా, మరొక కోడి కూసినా కూయడం కద్దు. కాని ఆ ప్రేరణకు లొంగడంకూడా తెల్లవారుజామునే ఎక్కువ. 2015లో వారే మరొక విశేషం చెప్పినారు. ఒకచోట నాలుగు పుంజులుంటే మొదట కూసేది వాటిలో పెద్దది. తక్కినవి తమ తమ అంతస్తునుబట్టి వరుసగా అందుకొంటవి. 'తొలికోడి, మలికోడి' అని వేళలను లెక్కించిన మన పెద్దలు గడియారాన్ని సరిగానే పోల్చుకొన్నారు. ఇంద్రుడు కోడియై అర్ధరాత్రి కూసి గౌతమమహర్షిని మోసగించినాడని మన పల్లెల్లో చెప్పుకొనే కథలోకూడా, అసలు కోడి వేళ తప్పదన్న నమ్మకమే ఆధారం.

పుంజు కూస్తే శుభం, పెట్ట కూస్తే అరిష్టం అంటారు. పెట్ట కూసిన ఇంట యజమానికి కీడని, వెంటనే దాని మెడ విరిచివేసిన ఇళ్ళు ఎన్నో. పెట్ట కూయడం అబద్ధం కాదు. పెట్టకు అండాశయం ఎడమవైపుది ఒక్కటే పనిచేస్తుంది. కుడివైపుది చిన్ననాడే ఎదుగుదల మాని ఉంటుంది. రోగంవల్లనో, కంతివల్లనో ఎడమది చెడిపోతే, కుడివైపు మొలక పుంస లక్షణాలతో పెరగడం కలదు. అప్పుడు పెట్టకు సిగ పెరుగుతుంది, కాటాలు వస్తవి, కూత వస్తుంది. ఇది మనకే కాదు, పడమటివారికీ భయం పుట్టించినది. 1474లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో, గుడ్డు పెట్టినదన్న నేరంమీద ఒక 'పుంజు'ను విచారించి, బహిరంగంగా దహనం చేసినారు. ఆ గుడ్డునుండి చూపుతోనే చంపే సర్పం పుడుతుందని వారి భయం. బహుశః అదికూడా వేషం మారిన పెట్టయే అయి ఉంటుంది. దానికి కావలసినది న్యాయస్థానం కాదు, వైద్యుడు.

కోడిపందేలలో మరొకరకం నమ్మకం చూడవచ్చు. డేగ, కాకి, నెమలి, కోడి, పింగళి అని పుంజులను రంగునుబట్టి విభజించి, ఏ వారం ఏ జామున ఏ వన్నెది గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం కృష్ణా, గోదావరి మండలాలలో ఈనాటికీ చేతులు మారుతున్నది. మన పక్కనున్న అరవదేశంలోని పంచపక్షి శాస్త్రంలోనూ అయిదు పక్షులలో కోడి ఒకటి. పందెంలో గెలిచినప్పుడు శాస్త్రం ఫలించినదంటారు. ఓడినప్పుడు ఘడియ తప్పినదంటారు. ఏవిధంగానూ ఓడిపోని శాస్త్రాన్ని పరీక్షించడం ఎవరితరం? పల్నాటిలో ఒక కోడిపందెం వీరులందరినీ రణరంగానికి ఈడ్చినదని వీరగాథ చెప్పుతుంది. పుంజు రంగునుబట్టి రాజ్యాలు నిలువవని ఆ కథే సాక్ష్యం.

ఇక గుడ్డు సంగతి. పుంజు లేనిదే పెట్ట గుడ్డు పెట్టదని పట్టణాలలో చాలామంది అనుకొంటారు. పెట్ట పుంజు ఉన్నా లేకపోయినా గుడ్డు పెడుతుంది. పుంజు లేనప్పటి గుడ్డు పిల్ల కాదు, అంతే. గాంధీమహాత్ముడు 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్నప్పుడు ఆరోగ్యాన్ని గూర్చి వ్రాసిన చిన్న పుస్తకంలో ఈ విషయాన్నే ప్రస్తావించి, పాలు తీసుకొనేవారికి అటువంటి గుడ్డు అభ్యంతరం కానక్కరలేదని అభిప్రాయపడినాడు. నాటుగుడ్డు పెంకు గోధుమవన్నెగా ఉంటుంది కనుక బలమెక్కువ అన్న మాటకూడా నిలువదు. గుడ్డు తయారు కావడానికి ఇంచుమించు ఒక రోజు పడితే, అందులో సుమారు 20 గంటలు పెంకు కట్టడానికే పోతవి. గోధుమవన్నె ఆ చివరి గంటలలో పెంకుకు పూసిన పూత. లోపలి సరుకుతో దానికి సంబంధం లేదు. పచ్చసొన చిక్కని వన్నెకు కారణం కోడి తిన్న పచ్చి ఆకు, మొక్కజొన్న. పెరటికోడి గుడ్డు రుచి వేరంటే నేను కాదనను. ఆ రుచి పెరటి మేతదికాని, పెంకు రంగుది కాదు. అయితే, నీళ్ళలో వేస్తే తేలిన గుడ్డు పాతదని అవ్వలు చెప్పే మాట మాత్రం సత్యం. రోజులు గడిచేకొద్దీ గుడ్డులోని తేమ ఆవిరై, వెడల్పు కొననున్న గాలి అర పెద్దదవుతుంది, కనుక తేలుతుంది.

పెట్ట పొదుగుకు కూర్చున్నప్పుడు మన పల్లెలలో జరిగే తంతు చూడదగినది. గంపలో గడ్డి పరచి, గుడ్లు బేసిసంఖ్యలో పెట్టి, ఒక ఇనుపముక్క, ఒక బొగ్గు, ఒక ఎండుమిరపకాయ పక్కన ఉంచుతారు. ఇనుము లేకపోతే ఉరుములకు గుడ్లు మురిగిపోతవని నమ్మకం. ఇది మన మూఢత్వం అని సిగ్గుపడనక్కరలేదు. రెండువేల సంవత్సరాలనాటి రోమను వ్యవసాయ రచయిత కొలుమెల్లాకూడా, ఉరుములనుండి కాపాడడానికి పొదుగు గడ్డికింద వెల్లుల్లితోపాటు ఇనుపమేకులు పెట్టేవారని వ్రాసినాడు. చిత్తూరు అవ్వకు, రోము రైతుకు ఒకే ఉరుము ఒకే భయం పుట్టించినది. వానకాలంలో తేమకు, వేడి తగ్గడానికి గుడ్లు చెడిపోతే, ఆ పాపం ఉరుముమీద పడి ఉంటుంది. మిరపకాయ విషయంలో మరొక వింత ఉన్నది. మిరపకారం పక్షుల నాలుకకు తెలియదు. ఆరబోసిన మిరపగింజలను కోళ్ళు పప్పుగింజలవలె ఏరుకు తినడం రాయలసీమ ఇల్లాలు ఎన్నడో చూచినది. ఆ మంట లేకపోవడానికి కారణమైన తేడా పక్షుల నరాలలో ఉన్నదని శాస్త్రం 2002లో వివరించినది.

ఆ 21 రోజులూ తల్లి గుడ్లను రోజుకు ఎన్నోసార్లు దొర్లిస్తుంది. దొర్లించకపోతే పిండం పెంకుకు అంటుకొంటుంది. పిల్ల బయటికి వచ్చే ముందునాళ్ళలో గుడ్డులోనుండే కిచకిచమంటుంది; తల్లి కొక్కొక్కుమని బదులు పలుకుతుంది. ముఖం చూడకముందే గొంతు పరిచయమవుతుందన్నమాట. రేడియోలో పనిచేసే నాబోటివాడికి ఈ సంగతి మరీ ముచ్చటగా తోస్తుంది. పెరిగిన కోళ్ళకుకూడా మాట ఉన్నది. పైన గద్ద కనబడితే ఒక కూత, నేలమీద పిల్లియో కుక్కయో వస్తే మరొక కూత. మొదటి కూతకు పిల్లలు నక్కి కూర్చుంటవి; రెండవదానికి తల్లి మెడ నిక్కించి నాలుగుదిక్కులా చూస్తుంది. వంటింట్లో ఉన్న ఇల్లాలు ఆ కూత వినే, గద్దకు కర్ర ఎత్తాలో, పిల్లిని అదలించాలో తెలుసుకొంటుంది. 'కోడిబుర్ర' అని తేలికగా అనేవారు ఈ సంగతి గమనించవలె. ఏ కోడి ఏ కోడిని పొడవవచ్చునో, ఏది ఎవరికి దారి ఇవ్వవలెనో వాటిలో కచ్చితమైన వరుస ఉన్నదని నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరప్ ఎబ్బె 1920ల ఆరంభంలో ప్రకటించినాడు. బాల్యంనుండి పెరటికోళ్ళను చూస్తూ కూర్చున్న ఫలమది.

మానవ వైద్యానికి కోడి చేసిన ఉపకారం చాలామందికి తెలియదు. 1890 ప్రాంతంలో జావాదీవిలోని బటేవియాలో ఎయిక్మన్ అనే డచ్చి వైద్యుడు, కాళ్ళు పట్టుతప్పే బెరిబెరి వ్యాధికి కారణం వెతుకుతున్నాడు. ఆయన కోళ్ళకు ఉన్నట్టుండి అదే లక్షణాలు వచ్చినవి. కొంతకాలానికి అవే తగ్గినవి. విచారిస్తే, నడుమ కొన్నాళ్ళు వాటికి సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్ల అన్నం పెట్టినారని, కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నం కోళ్ళకు ఇవ్వననగా మళ్ళీ ముడిబియ్యం వేసినారని తేలింది. తవుడులో ఉన్నదేదో తెల్లబియ్యంలో లేదు. ఆ 'ఏదో'యే తరువాత విటమిను అనిపించుకొన్నది. ఎయిక్మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. లూయీ పాశ్చర్ ప్రయోగశాలలో రోగక్రిమి తీవ్రతను తగ్గించి దానినే టీకాగా వాడే విద్య 1879, 1880 సంవత్సరాలలో కోళ్ళ కలరామీదనే మొదట ఫలించినది. మనిషికి టీకా విద్య నేర్పిన కోడికి, మనం మాత్రం ఆ టీకా సకాలంలో వేయించలేకపోతున్నాం. అందుకు నా ఇంటి కథే ఉదాహరణ.

1989 ఎండాకాలం. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. చిత్తూరు దాపునున్న మా పల్లెలో మా అవ్వకు ముప్పయికి పైగా కోళ్ళుండేవి. వేరుశనగ పంట డబ్బు తాతది. కోళ్ళ డబ్బు అవ్వది. నా పలకా, మా చిన్నత్త గాజులూ, సంక్రాంతి చీరా అన్నీ ఆ గంపకిందనుండే వచ్చేవి. ఒకనాడు పక్కింటి వదినె వచ్చి, పెరట్లో మేస్తున్న కోళ్ళను చూచి, "ఏం వదినా, నీ కోళ్ళు పెరడంతా నిండిపోయినాయే!" అన్నది. మూడవనాడు ఒక పెట్ట తూగుతూ నిలబడింది. ఆకుపచ్చగా పారింది. మెడ ఒకవైపు తిరిగింది. వారం తిరగకముందే గూడు ఖాళీ అయింది. అవ్వ గడపమీద కూర్చుని, వీధి వినేటట్టు, "నా కోళ్ళ మీద ఎవురి కండ్లు పడినాయో నాకు తెలుసు" అన్నది. పక్కింటి తలుపు మూసుకొన్నది. అది మొదలు పదహారేళ్ళు ఆ రెండిళ్ళకు మాటలు లేవు. పెళ్ళికి పిలుపు లేదు, చావుకు పలకరింపు లేదు.

2005లో, నేను రేడియోలో చేరిన కొత్తలో, కోళ్ళ జబ్బులమీద ఒక పశువైద్యునితో సంభాషణ రికార్డు చేసినాను. ఆయన కొక్కెర తెగులు లక్షణాలు ఒకటొకటే చెప్పుతుంటే, నాకు మా పెరడు కనబడింది. రాణిఖేత్ వ్యాధి అని దానికి మరొక పేరు. 1926లో జావాలోను, ఇంగ్లండులోని న్యూకాసిల్ వద్దను బయటపడి, 1927లో హిమాలయాలలోని రాణిఖేత్‌లో కనిపించింది. అది సూక్ష్మమైన వైరస్‌వల్ల వచ్చేది. రెట్టద్వారా, గంపలద్వారా, మనుషుల చెప్పులద్వారా, ముఖ్యంగా సంతనుండి తెచ్చిన కోడిద్వారా ఇంటికి వస్తుంది. పట్టుకొన్న తరువాత మందు లేదు. ముందుగా వేయించిన టీకాయే రక్ష. ముక్తేశ్వర్ పరిశోధనశాల పేరు మోస్తున్న టీకా 1940ల నాటినుండి మన దేశంలో ఉన్నది. "తెగులు రావడానికి ముందు కొత్త కోడి ఏదైనా ఇంటికి వచ్చి ఉంటుంది, అడిగి చూడండి" అన్నాడాయన.

వచ్చింది. ఆ వారం సంతలో అవ్వే ఒక పుంజును కొని తెచ్చింది. దాని సిగ చూచి ముచ్చటపడి తెచ్చిన సంగతి నాకు బాగా జ్ఞాపకం. ఊరికి పోయినప్పుడు ఆమెకు ఈ మాట చెప్పినాను. అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. "ఆ పుంజు తెచ్చిన మర్నాటినుంచే మూలన కూసునింది" అని మాత్రం అన్నది. సాయంత్రం పిల్లలకోడిని, దాని పది పిల్లలను గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, "వదినె ఇంట్లో ఇచ్చి రా" అని నన్ను పంపింది. ఆమె గంప అందుకొని గుడ్డ విప్పి చూచింది. "మీ అవ్వకు కాళ్ళ నొప్పులు తగ్గినాయా?" అని అడిగింది. తెల్లవారి ఆమే వచ్చి మా అవ్వ పక్కన కూర్చున్నది. ఇద్దరూ కోళ్ళ ఊసు ఎత్తలేదు. దిష్టి అన్న ఒక్క మాట పదహారేళ్ళు తిన్నది.

నాటి పల్లెపెరడు పక్కనే నేడు మరొక లోకం వెలసినది. 1955 నుండి తిరుపతిలో పశువైద్య కళాశాల ఉన్నది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం అక్కడే ఏర్పడినది. 1970ల తరువాత చిత్తూరు పరిసరాలలో కోళ్ళఫారాలు విస్తరించినవి. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం దేశంలోని ముఖ్యకేంద్రాలకు ప్రకటించే గుడ్ల ధరలలో చిత్తూరు ధర ఒకటి. నాటుపెట్ట ఏడాదికి 50, 60 మొదలు 80 గుడ్లవరకు పెడితే, ఫారం పెట్ట 300కు పైగా పెడుతుంది. దీనితోపాటు కొత్త నమ్మకాలు పుట్టినవి. ఆరు వారాలలో రెండు కిలోల బరువు తూగే మాంసపు కోడికి పెరుగుదల సూదులు వేస్తారని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ పెరుగుదల తరతరాలుగా ఏరిన జాతిది, మేతది. ఆ జాతులకు మగవైపు మూలమైన కోర్నిష్ కోడిని ఇంగ్లండులోని కోర్నువాల్‌లో తయారుచేసినప్పుడు కలిపిన రక్తంలో మన దేశపు అసీల్ ఒకటి. దానిని వారు 'ఇండియన్ గేమ్' అనే పిలిచినారు. ఫారం కోడి పూర్తిగా పరదేశి అనుకోవడంకూడా పొరపాటే.

గుడ్లు బేసిసంఖ్యలో పెడితే నష్టం లేదు. గంపలో ఇనుపముక్క ఉంచితే ఎవరికీ కీడు లేదు. కాని పెట్ట కూసినదని చంపినా, తెగులుకు దిష్టి తీసి ఊరుకొన్నా, జబ్బుపడిన కోడిని హడావుడిగా సంతలో అమ్మి మరొక ఇంటికి తెగులు పంపినా నష్టం మనకే, మన పొరుగుకే. కొత్తగా కొన్న కోడిని రెండు వారాలు వేరే గంపకింద ఉంచడం, పిల్లలకు మొదటి వారంలో చుక్కలమందు, రెండు నెలల ప్రాయంలో సూదిమందు వేయించడం, ఎండలు ముదరకముందే ఊరంతా కలిసి ఒకేరోజున టీకాలు వేయించుకోవడం; ఇవి ఏ ఇనుపముక్కకంటేను గట్టి రక్ష. పెరటికోడి ఈనాటికీ అనేక పల్లెలలో ఇల్లాలి చేతిలోని చిల్లర డబ్బు. అది పోతే లెక్కల పుస్తకంలో ఎక్కడా కనబడదు. ఆ ఇంట్లో మాత్రం కనబడుతుంది.

ముసలమ్మ తన కోడిని తీసుకొని పోయినా ఊరికి తెల్లవారింది. అయితే ఆ అడవిలోకూడా ఆమె కోడి వేళకు కూసే ఉంటుంది. ఆ కూత విని లేచి, ఊరికి తిరిగివచ్చి, కుంపటిలోని నిప్పు పొరుగింటి పొయ్యికి ఇచ్చి ఉంటే, ఆమె కథ నవ్వులపాలు అయ్యేది కాదు.